ఉంగరపు రాయి - విశ్వాసపు హద్దు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల ముస్లిం కుటుంబాలలో అఖీఖ్, ఫీరోజా పొదిగిన వెండి ఉంగరాలు కొత్త కాదు. జాన్‌పహాడ్ ఉర్సుకు పోయివచ్చిన వాళ్ళలో కొందరి వేలికి కొత్త నగీనా కనిపిస్తుంది. రోజీలో బర్కత్ కలుగుతుందని, నజర్ తగలదని అమ్మేవాడు చెబుతాడు. అప్పు తీరని వాడు, బిడ్డకు జబ్బు తగ్గని తల్లి ఆ మాట నమ్ముతారు. వారిని ఎగతాళి చేయడం మన ఉద్దేశం కాదు. అయితే ఆ నమ్మకానికి ధర్మంలో ఆధారమున్నదా అన్నది విచారించవలసిన విషయం.

ఉంగరం ధరించడంలో దోషం లేదు. దైవప్రవక్త (స) పాలకులకు లేఖలు పంపదలచినప్పుడు, ముద్రలేని లేఖను వారు చదవరని తెలిసి వెండి ఉంగరం చేయించి అందుపై తమ పేరు చెక్కించారు. దాని నగీనా అబిసీనియా రాయి అని హజ్రత్ అనస్ (ర) ఉల్లేఖనం ఒకటి, అదీ వెండిదేనని మరొకటి తెలుపుచున్నవి. ఏమైనా అది ముద్ర వేయడానికి చేయించినది, రక్షకు కాదు.

ఇక అఖీఖ్ ధరిస్తే దారిద్ర్యం పోతుందనే హదీసుల సంగతి. ఈ విషయంలో దైవప్రవక్త (స) నుండి రుజువైనది ఏదీ లేదని ఇమామ్ ఉఖైలీ తేల్చారు. ఇబ్నుల్ జౌజీ వాటిని కల్పిత హదీసుల గ్రంథంలో చేర్చారు. షియా సోదరుల సంప్రదాయంలో అఖీఖ్‌కు ప్రత్యేక స్థానమున్నది. ఇక్కడ చెప్పినది సున్నీ ముహద్దిసుల పరిశీలన మాత్రమే.

మన విద్వాంసులు వినికిడితో సరిపెట్టుకోలేదు. పచ్చను చూస్తే పాము కళ్ళు పేలిపోతాయని ఒకప్పుడు పెద్ద పెద్ద గ్రంథాలలోనే వ్రాశారు. పదకొండవ శతాబ్దంలో రత్నాలపై గ్రంథం రచించిన అల్‌బెరూనీ పాముకు పచ్చల హారమే వేసి, నెలల తరబడి, ఎండలోను చలిలోను పరీక్షించాడు. పాముకు ఏమీ కాలేదు. ఉన్నది ఉన్నట్లు వ్రాశాడు.

అంత దూరం ఎందుకు? కోదాడకు దక్షిణాన కృష్ణ ఆవలి ఒడ్డున కొల్లూరు వజ్రాల గని ఉండేది. ఇప్పుడు అది పులిచింతల జలాశయం పాలైనది. ఆ వజ్రాలు గోల్కొండ ఖజానాకు చేరాయి. 1687లో కోట పడిపోయినప్పుడు ఒక్క రాయీ అడ్డుపడలేదు. తానాషా దౌలతాబాదులో బందీగా కన్ను మూశాడు.

"మరి హజ్రె అస్వద్?" అని అడిగే వారున్నారు. హజ్రత్ ఉమర్ (ర) దానిని ముద్దుపెట్టుకుంటూ, అది మేలు గాని కీడు గాని చేయలేని రాయేనని తమకు తెలుసునని, దైవప్రవక్త (స) ముద్దుపెట్టుకొనగా చూసినందుననే తామూ అలా చేస్తున్నామని బహిరంగంగా చెప్పారు. అక్కడున్నది అనుసరణ, రాతి శక్తి కాదు. అలంకారానికి ధరించిన ఉంగరం ముబాహ్. అదే కాపాడుతుందనుకుంటే తావీజు విషయంలో చేయబడిన హెచ్చరిక దీనికీ వర్తిస్తుంది.

రాయి మనిషి శరీరంపై నిజంగా పనిచేసిన ఉదాహరణ పూర్వపు నల్గొండ జిల్లాలోనే ఉన్నది. నల్లరాతి పొరలలోని ఫ్లోరైడ్ బావి నీటిలో కరిగి, మర్రిగూడ, మునుగోడు వైపు ఎందరి ఎముకలనో వంచింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీరు త్రాగడానికి తగదు. పటిక, సున్నంతో దానిని తగ్గించే పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. కృష్ణా నీరు కుళాయిలకు వచ్చిన తర్వాత బాధ చాలా తగ్గినా, బోరు నీరే త్రాగే ఇండ్లు ఇంకా ఉన్నవి. వంగిన ఎముక తిరిగి సరికాదు. పిల్లల పళ్ళపై పసుపు, గోధుమ రంగు మచ్చలు కనిపిస్తే, నగీనా కోసం దాచిన డబ్బుతో ముందు ఆ నీటిని పరీక్ష చేయించండి.