మీకు తెలుసా? తలకు తగిలిన దెబ్బ గురించి నెత్తురు చెబుతుంది

తడ దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీద బైకు జారినా, ఉబ్బలమడుగు జలపాతం వద్ద పాచి పట్టిన బండ మీద కాలు తప్పినా, తలకు దెబ్బ తగిలిన మనిషి లేచి దుమ్ము దులుపుకుని ‘నాకేం కాలేదు’ అనేస్తాడు. లోపల రక్తం కారుతోందో లేదో తేల్చడానికి సీటీ స్కానే దిక్కు.

ఇప్పుడు రక్తపరీక్ష కూడా తోడొచ్చింది. మెదడులో నాడీకణాలకు అండగా ఉండే ఆస్ట్రోసైట్లు దెబ్బతింటే జీఎఫ్‌ఏపీ అనే ప్రొటీన్, నాడీకణాలే గాయపడితే యూసీహెచ్-ఎల్1 రక్తంలోకి చేరతాయి. రెండోది త్వరగా పెరిగి త్వరగా తగ్గుతుంది. మొదటిది రోజుల తరబడి కనిపిస్తుంది.

ఈ రెండింటినీ కొలిచే పరీక్షకు అమెరికా ఎఫ్‌డీఏ 2018 ఫిబ్రవరిలో అనుమతి ఇచ్చింది. అందుకు ఆధారమైన అధ్యయనంలో 1,959 మంది ఫలితాలు చూశారు. నెగెటివ్ వచ్చినవారిలో 99.6 శాతం మందికి స్కాన్‌లోనూ గాయం కనబడలేదు. ఎంత ధైర్యాన్నిచ్చే అంకె! 2024లో అనుమతి పొందిన అబాట్ సంస్థ పరికరం సిర నుంచి తీసిన రక్తంతో పడక పక్కనే 15 నిమిషాల్లో ఫలితం చెబుతుంది. అయితే అది 18 ఏళ్లు నిండినవారికే, దెబ్బ తగిలిన 24 గంటల్లోపే.

స్కాండినేవియా దేశాల వైద్యులు 2013 నుంచే ఎస్100బీ అనే మరో ప్రొటీన్‌ పరీక్షను తలగాయాల మార్గదర్శకాల్లో చేర్చుకున్నారు.

పాజిటివ్ వస్తే రక్తస్రావం ఖాయమని కాదు, స్కాన్ తీయాలని అర్థం. వాంతులు ఆగకపోయినా, తలనొప్పి ముదిరినా, మత్తుగా ఉన్నా ఏ పరీక్ష కోసమూ ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.