అద్దె యింటి వాడుక: తగవులు, చట్టము

మహాశివరాత్రి జాతర దినములలో ఝరాసంగమును చూచినవారికి ఆ ఊరి అరుగుల విలువ తెలియును. కేతకీ సంగమేశ్వరుని దర్శించుటకు చుట్టుప్రక్కల వారే గాక కర్ణాటక, మహారాష్ట్రల నుండియు జనము వత్తురు. ఇతర క్షేత్రములలో శివపూజకు పనికిరాదనెడి మొగలిపువ్వును ఇచట స్వామికి సమర్పింతురు. గుడి దారిలో ఇల్లు కిరాయికి తీసికొన్న కుటుంబ మొకటి ఆ నాలుగు దినములు అరుగుపై కొబ్బరికాయలు పేర్చి అమ్ముకొన్నదనుకొందము. ఇంటాయన వచ్చి, “ఇల్లు ఇచ్చింది కాపురానికి గాని దుకాణానికా?” అనును. “నాలుగు దినాల ముచ్చటే గదన్నా” అని సమాధానము. ఈ కుటుంబము మా కల్పనయే. తగవు మాత్రము ఊరూర నున్నదే. ఒకచోట కుట్టుమిషను, ఒకచోట ట్యూషను పిల్లలు, వేరొకచోట పిండిగిర్ని.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టము, 108వ సెక్షనులో దీనికి మూలసూత్రము గలదు. వివేకము గలవాడు తన సొంత ఇంటినెట్లు వాడుకొనునో కిరాయిదారు అట్లు వాడుకొనవచ్చును; ఏ పనికై తీసికొనెనో దానికి భిన్నమైన పనికి వాడరాదు. అద్దె చెల్లించుచు షరతులు పాటించువాని అనుభవమునకు యజమాని అడ్డు రారాదనియు ఆ సెక్షనే చెప్పుచున్నది.

భిన్నమైన పని యననేమి? సిమ్లా పట్టణమున రాంబజారులో చిన్న దుకాణమును అద్దెకు తీసికొని, చెప్పులు కుట్టి జీవించు నొకరు కొన్ని రాత్రులచటనే నిద్రించెడివారు. వ్యాపారమున కిచ్చినదానిని నివాసము చేసినారని యజమాని ఖాళీ చేయింపబూనెను. 1978లో జస్టిస్ వి. ఆర్. కృష్ణయ్యర్ వ్రాసిన తీర్పులో సుప్రీంకోర్టు ఆ కార్మికుని పక్షమే వహించినది. పనిచేయుచోట నిద్రించినంతమాత్రమున దుకాణము నివాసగృహము కాదని దాని సారాంశము. 1989లో, సైకిలు మరమ్మతు దుకాణములో కొంతకాలము టెలివిజనులమ్మిన కిరాయిదారు విషయమునను ఆ కోర్టు వాడుక మారలేదనియే తేల్చెను. ఈ కొలతతో చూచినచో కుట్టుమిషను ఇంటిని దుకాణము చేయదనియు, గోడలదరగొట్టు పిండిగిర్ని చేయుననియు మా అభిప్రాయము. నాలుగు దినముల కొబ్బరికాయలను వాడుక మార్పనుట కష్టమే.

అయినను ఇచట నొక మెలిక గలదు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టము క్రింద యజమాని కారణము చూపనిదే ఇల్లు ఖాళీ చేయింపలేడు. కాని ఆ చట్టము హైదరాబాదుకు, పురపాలక సంఘములకు ఉద్దేశింపబడినది; ప్రభుత్వము ప్రత్యేకముగ ప్రకటించిననే తప్ప ఝరాసంగము వంటి గ్రామమునకు వర్తింపదు. జహీరాబాదు పట్టణములోనైనను, 2005 నాటి సవరణ ననుసరించి, నెల అద్దె 2,000 రూపాయలు మించినచో ఆ రక్షణ లేదు. నేడు అంతకు తక్కువకు ఇల్లెక్కడ దొరకును? అట్టిచోట్ల ఆస్తి బదిలీ చట్టమే గతి. వేరు ఒప్పందము లేనిచో ఆ కాపురము నెలనెలా సాగునదిగా నెంచబడును. 15 దినముల వ్రాతపూర్వకమైన నోటీసుతో, కారణము చెప్పకయే, యజమాని దానిని ముగింపవచ్చును. కొబ్బరికాయల వాదములో గెలిచిన కుటుంబము మరునెలలోనే, పిల్లల పరీక్షల నడుమ, ఇల్లు వెదుకుకొనవలసి రావచ్చును.

అందుచేతనే కిరాయినామాలో గడువును, వాడుకను వ్రాసికొనవలెను. పదునొకండు నెలలకు వ్రాసికొన్న కాగితమునకు రిజిస్ట్రేషను అక్కరలేదని చాలమంది నమ్మకము. ఇతర రాష్ట్రముల మాట ఎట్లున్నను, మన తెలుగునేలపై 1999 నాటి సవరణ తరువాత ప్రతి కౌలు పత్రమునకును రిజిస్ట్రేషను అవసరమే. రిజిస్టరు కాని కాగితములోని షరతులను కోర్టులో నిలబెట్టుట కష్టము. జాతరలో అరుగు వాడుకొనవచ్చునా, కుట్టుమిషను పెట్టవచ్చునా, కరెంటు బిల్లు ఎవరిది అను మూడు వాక్యములు ముందే వ్రాసిన, పిదప మూడేండ్ల తగవు తప్పును.

నోటీసు గడువు తీరినను యజమాని తాళము వేయుట, సామాను బయటవేయుట చెల్లదు. కోర్టు ద్వారానే పోవలెను. బలవంతముగ వెడలగొట్టబడినవారు 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టము 6వ సెక్షను క్రింద ఆరు నెలలలోపల దావా వేసి ఇల్లు తిరిగి పొందవచ్చును. కిరాయిదారును కోపముతో అద్దె నిలుపరాదు. యజమాని చేతికి తీసికొననిచో బ్యాంకు ద్వారానో మనియార్డరు ద్వారానో పంపి రసీదు భద్రపరచుకొనవలెను. నోటీసు వచ్చినచో స్పీడ్ పోస్టులో జవాబీయవలెను.

దావాకు పూర్వమే లోక్ అదాలతు నాశ్రయింపవచ్చును. అచట కుదిరిన రాజీకి సివిలు కోర్టు డిక్రీతో సమానమైన బలము గలదు, దానిపై అప్పీలు లేదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టము క్రింద స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేక ఉచిత న్యాయసహాయము లభించును. సంగారెడ్డిలోని జిల్లా సంస్థకు పోలేనివారు 15100 నెంబరుకు ఫోను చేయవచ్చును.