చలవ ఐసులో లేదు, పెరట్లో ఉంది

రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత. కృష్ణా డెల్టాలో రోహిణి దాకా ఆగనక్కర లేదు. మే మొదట్లోనే ఎండ 42, 43 డిగ్రీలకు చేరుతుంటుంది. చుట్టూ రాతికొండలు, బ్యారేజీ దిగువన ఎండిన ఇసుక తిన్నెలు ఉన్న విజయవాడ సంగతి చెప్పనే అక్కర లేదు. బెజవాడను 'బ్లేజ్‌వాడ' అని ఇంగ్లీషు చదివినవారు హాస్యమాడేది అందుకే.

అయితే ఇది హాస్యంతో పోయేది కాదు. 2015 మే నెలాఖరున వీచిన వడగాల్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వారిలో ఎక్కువమంది ఎండలో కాయకష్టం చేసుకునేవారు, వృద్ధులు. ఉపాధి పనులకు, ఇటుక బట్టీలకు, మామిడి కోతలకు వెళ్లేవారికి వేసవిలో ఏం తాగాలన్నది రుచికి సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు.

చెమటతో పోయేది నీరొక్కటే కాదు

చెమట పట్టినప్పుడు ఒంట్లోని నీటితోపాటు ఉప్పు కూడా పోతుంది. కూల్‌డ్రింకు చల్లగా గొంతు దిగుతుంది గాని, అందులో పంచదార పాలు ఎక్కువ, ఉప్పు పాలు బహు తక్కువ. చిటికెడు ఉప్పు, కాస్త పులుపు, శుభ్రమైన నీరు కలిస్తేనే ఒళ్లు తేరుకుంటుంది. ఈ మూడూ ప్రతి ఇంట్లో ఉన్నవే. వాటికి తోడు పెరట్లోని నాలుగు ఆకులు, కాలానికి కాసిన ఒక కాయ ఉంటే చాలు.

దబ్బాకు మజ్జిగ

వేసవి పానీయాలలో మొదటి పీట మజ్జిగదే. గ్లాసు పెరుగుకు నాలుగు గ్లాసుల నీళ్లు పోసి బాగా చిలికి, వెన్న తీసివేయాలి. అందులో అర చెంచా ఉప్పు, దంచిన అల్లం ముక్క, ఒక పచ్చిమిరపకాయ, కరివేపాకు, కొత్తిమీర వేయాలి. దబ్బాకు గాని నిమ్మాకు గాని నాలుగైదు తెచ్చి, కడిగి, ఈనె తీసి, చేత్తో నలిపి వేస్తే మజ్జిగకు కమ్మని వాసన పడుతుంది. అరగంట నాననిచ్చి వడకట్టుకోవాలి. ఆకును రోట్లో నూరితే చేదు దిగుతుంది, నలపడమే మంచిది.

పానకం పండుగకే కాదు

కృష్ణ దాటితే మంగళగిరి. అక్కడ కొండ మీది నరసింహస్వామికి పానకమే నివేదన. శంఖంతో పోసిన పానకంలో సగం స్వామి స్వీకరించి, మిగతా సగం భక్తులకు వదులుతాడని నమ్మకం. ఊరూరా శ్రీరామనవమి పందిట్లోనూ పానకమే పంచుతారు. ఎండలు ముదిరే వేళకే ఆ పండుగ రావడం, ఆ ప్రసాదం పెట్టడం పెద్దల ముందుచూపు అనిపించక మానదు.

పావుకిలో బెల్లాన్ని రెండు లీటర్ల నీళ్లలో కరగనిచ్చి, వడకట్టి, అర చెంచా మిరియాల పొడి, నాలుగు యాలకులు, చిటికెడు శొంఠి కలిపితే పానకం సిద్ధం. పైన పది తులసి ఆకులు వేస్తే మరీ బాగుంటుంది. మధుమేహం ఉన్నవారు మాత్రం దీన్ని వదిలి మజ్జిగ పుచ్చుకోవడం మేలు.

రాలిన కాయ వృథా కాదు

నూజివీడు వైపు తోటల్లో గాలిదుమారం లేచిందంటే పచ్చికాయ నేల రాలుతుంది. ఆ కాయకు బజారులో ధర పలకదు. కాని పానీయానికి అది పనికివస్తుంది. దెబ్బతిన్న చోటు కోసివేసి, కాయను ఉడకబెట్టి గాని, నిప్పుల్లో కాల్చి గాని గుజ్జు తీయాలి. ఒక పెద్దకాయ గుజ్జుకు లీటరు నీళ్లు, తగినంత బెల్లం, అర చెంచా ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి, గుప్పెడు పుదీనా నూరి కలపాలి. ఉత్తరాదివారు దీన్నే 'పన్నా' అంటారు. వడగాడ్పుల రోజుల్లో అక్కడ ఇంటింటా ఇదే తాగుతారు.

సబ్జా, పుచ్చ, ముంజ

చెంచా సబ్జా గింజలు గ్లాసు నీళ్లలో పావుగంట నానితే ఉబ్బి తెల్లని పొర కడతాయి. వీటిని ఉప్పు, పంచదార వేసిన నిమ్మరసంలో కలుపుకోవాలి. వేసవిలో నిమ్మకాయ ధర ఆకాశాన్ని అంటితే చింతపండు పులుసులో బెల్లం, ఉప్పు కలిపి తాగినా సరిపోతుంది.

పుచ్చకాయ ముక్కలు పిండి, పుదీనా, కాస్త నిమ్మరసం, చిటికెడు ఉప్పు వేస్తే పంచదార అక్కరే లేదు. లేత తాటిముంజలు పైపొర ఒలిచి, చిన్న ముక్కలు చేసి కొబ్బరినీళ్లలో వేసుకుంటే పిల్లలు ఇష్టంగా తింటారు. కొబ్బరినీళ్లలో పొటాషియం మెండు, ఉప్పు తక్కువ. కనుక చెమటోడ్చి పని చేసేవారు చిటికెడు ఉప్పు వేసుకోవాలి.

కల్లుతో చలవ రాదు

కల్లు చలవ చేస్తుందన్న మాట పల్లెల్లో వినిపిస్తుంది. అది పొరపాటు. మత్తు పానీయం ఏదైనా మూత్రం ద్వారా ఒంట్లోని నీటిని బయటికి తోసేస్తుంది. తెల్లవారుజామున సున్నం పూసిన కుండలో దించిన నీరా వేరు. పులిసిన కల్లు వేరు. ఎండలో పనికి వెళ్లేవారు కల్లు జోలికి పోకపోవడమే క్షేమం.

నీరు ముఖ్యం

వేసవిలో డెల్టా కాలువలు కట్టివేస్తారు. ఊరి చెరువు అడుగంటేకొద్దీ నీటిలో మలినం పెరుగుతుంది. కనుక నీటిని తెర్లే దాకా కాచి, చల్లార్చి, కుండలో పోసుకోవాలి. శుభ్రంగా కడిగిన వట్టివేళ్లను గుడ్డలో మూటకట్టి కుండలో వేస్తే నీటికి పరిమళం వస్తుంది.

బండి మీద సుత్తితో కొట్టి వేసే ఐసు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. చేపలు, రొయ్యల రవాణాకు పోసే ఐసు దిమ్మ తాగే నీటితో చేసినదని చెప్పలేం. అది పడితే ఎంత మంచి పళ్లరసమైనా కామెర్లకు, టైఫాయిడ్‌కు, వాంతులు, విరేచనాలకు దారి తీయవచ్చు.

వాంతులు, విరేచనాలు పట్టుకుంటే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు తలకొట్టి కొలిచి కలిపి, కొంచెం కొంచెంగా పట్టాలి. ఉప్పు కొలత మించరాదు. గుండె, మూత్రపిండాల జబ్బులు, రక్తపోటు ఉన్నవారు ఉప్పు విషయంలో డాక్టరు మాటే వినాలి.

ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ ఉంటే అది వడదెబ్బ. చెమట పట్టడం ఆగిపోవచ్చు కూడా. వెంటనే నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లంతా తుడుస్తూ, విసురుతూ, 108కి ఫోను చేయాలి. స్పృహ లేనివారి నోట్లో ఏ పానీయమూ పోయరాదు.

ఆ అవస్థ రాకుండా చూసుకోవడం అంత కష్టమేమీ కాదు. ఎండలో పనికి వెళ్లేవారి అన్నం క్యారేజీతోపాటు ఒక సీసాడు ఉప్పు మజ్జిగ కట్టి ఇస్తే చాలు. దాహం వేసే దాకా ఆగకుండా, తరచుగా తాగుతూ ఉండమని చెప్పి పంపాలి.