నీరు తగ్గే చెరువుల్లో చేపలకు రద్దీ ఒత్తిడి – మేత ద్వారా ఉపశమనం

శ్రీకాకుళం జిల్లా కంచిలి, సోంపేట, కవిటి మండలాల గ్రామ చెరువుల్లో ఎక్కువ భాగం వర్షాధారమైనవి. వానలకు నిండిన చెరువులో బొచ్చె, శీలావతి, ఎర్రమోసు పిల్లలను వదిలిన రైతుకు మొదటి నెలల్లో సాంద్రత సమస్యగా కనిపించదు. వేసవిలో నీరు తగ్గే కొద్దీ అదే చెరువు అవే చేపలకు ఇరుకవుతుంది. ఎకరం విస్తీర్ణం, ఒకటిన్నర మీటరు సగటు లోతు గల చెరువులో సుమారు 6,000 ఘనపు మీటర్ల నీరు ఉంటుంది. విస్తీర్ణం అర ఎకరానికి, లోతు ముప్పావు మీటరుకు తగ్గితే మిగిలేది సుమారు 1,500 ఘనపు మీటర్లు మాత్రమే. ఒక్క చేపను కూడా అదనంగా వదలకుండానే సాంద్రత నాలుగు రెట్లవుతుంది. పెట్టుబడి అంతా పెట్టి, పట్టుబడికి ఎదురుచూసే దశలో ఇది ఎదురవుతుంది కనుక నష్టం తీవ్రంగా ఉంటుంది.

ఒత్తిడిలో చేప శరీరంలో జరిగే మార్పులు

రద్దీని మెదడు ప్రమాదంగా గ్రహించినప్పుడు హైపోథలమస్, పిట్యూటరీ గ్రంథుల ద్వారా తల మూత్రపిండంలోని కణజాలానికి సంకేతం అందుతుంది. అక్కడి నుండి కార్టిసాల్ హార్మోను రక్తంలోకి విడుదలవుతుంది. దానితో రక్తంలో గ్లూకోజు పెరుగుతుంది. కొద్దిసేపటి ప్రమాదం నుండి తప్పించుకోవడానికి ఈ ఏర్పాటు మేలే చేస్తుంది. కానీ రద్దీ వారాల తరబడి కొనసాగితే, పెరుగుదలకు వినియోగం కావలసిన శక్తి ఒత్తిడిని తట్టుకోవడానికే ఖర్చవుతుంది. చేప మేత తగ్గిస్తుంది, రోగనిరోధక శక్తి క్షీణిస్తుంది. చేప పేను, పుండ్ల వంటి సమస్యలు ఇటువంటి దశలోనే సులభంగా వ్యాపిస్తాయి.

ట్రిప్టోఫాన్ పాత్ర

చేప తన శరీరంలో తయారు చేసుకోలేని అమైనో ఆమ్లాలలో ట్రిప్టోఫాన్ ఒకటి. మెదడులో దీని నుండే సెరటోనిన్ తయారవుతుంది. ఒత్తిడి ప్రతిస్పందనను, దూకుడును అదుపు చేయడంలో సెరటోనిన్ పాత్ర ముఖ్యమైనది. ట్రిప్టోఫాన్ అధికంగా గల మేతను ఏడు రోజులు తిన్న రెయిన్‌బో ట్రౌట్ చేపలలో ఒత్తిడి వల్ల కలిగే కార్టిసాల్ పెరుగుదల తగ్గినట్లు 2002లో ప్రచురితమైన పరిశోధన చూపింది.

మన చెరువులకు దగ్గరైన ఆధారం ఎర్రమోసుపై జరిగిన పరిశోధన. ముంబయిలోని కేంద్రీయ మత్స్య విద్యా సంస్థ శాస్త్రవేత్తలు 75 లీటర్ల నీటిలో 10 పిల్లలను ఒక సాంద్రతగా, 30 పిల్లలను రద్దీ సాంద్రతగా తీసుకుని, వివిధ మోతాదుల ట్రిప్టోఫాన్ మేతను 60 రోజులు ఇచ్చారు. మేతలో 1.36 శాతం ట్రిప్టోఫాన్ చేర్చినప్పుడు ఒత్తిడి తగ్గి, పెరుగుదల మెరుగుపడినట్లు 2009లో ప్రకటించారు. అంటే కిలో మేతకు 13.6 గ్రాములు. ఇది తొట్లలో పిల్ల చేపలపై తేలిన ఫలితం. చెరువులో పెద్ద చేపలకు సీజను పొడవునా ఇదే మోతాదు వాడితే ఖర్చు గిట్టుబాటు కాదు. నర్సరీల్లో కిక్కిరిసి పెరిగే పిల్లలకు ఈ మార్గం ఎక్కువ అనువైనది.

అందుబాటులోని దినుసులతో

తవుడు, వేరుశనగ చెక్క మీదనే ఆధారపడిన మేతలో కొన్ని అత్యవసర అమైనో ఆమ్లాల కొరత ఉంటుంది. ఉద్దానంలో సులభంగా దొరికే కొబ్బరి చెక్కలో లైసిన్ తక్కువ. వీటిలో కొంత భాగాన్ని సోయా చెక్కతో భర్తీ చేస్తే మాంసకృత్తుల నాణ్యత మెరుగుపడుతుంది. అయితే మాంసకృత్తులు అవసరానికి మించితే అమ్మోనియాగా మారి, తగ్గిన నీటిని మరింత పాడు చేస్తాయి. కనుక పరిమాణం పెంచడం కంటే నాణ్యత పెంచడం మేలు.

విటమిన్ సి ని సాగు చేపలలో అధిక శాతం సొంతంగా తయారు చేసుకోలేవు. ఒత్తిడిలో తల మూత్రపిండంలోని దీని నిల్వలు తరిగిపోతాయి. సాధారణ పెరుగుదలకు కిలో మేతకు సుమారు 50 మిల్లీగ్రాములు చాలినా, ఒత్తిడి కాలంలో అంతకంటే ఎక్కువ అవసరం. మామూలు విటమిన్ సి వేడికి, నీటికి త్వరగా నశిస్తుంది కనుక ఫాస్ఫేటు రూపంలో ఉన్నదానిని ఎంచుకోవాలి. చల్లారిన గంజితో మేతకు పట్టించి, నీడలో ఆరబెట్టి వాడాలి.

పాటించవలసిన జాగ్రత్తలు

• ఒత్తిడి తగ్గించే మేతను నీరు పూర్తిగా తగ్గిన తరువాత కాక, తగ్గడం మొదలైనప్పుడే ప్రారంభించాలి.
• వెదురు కర్రలకు కట్టే మేత సంచుల సంఖ్యను పెంచి, ఒక్కో సంచిలో మేతను తగ్గించాలి. అప్పుడు బలహీనమైన చేపలకూ వాటా అందుతుంది.
• సంచిలో మేత మిగిలితే మరునాటి మేతను తగ్గించాలి.
• తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే అది ప్రాణవాయువు కొరత. ఆ పూట మేత ఆపి, నీటిని చిలకరించే ఏర్పాటు చేయాలి.
• పట్టుబడికి, రవాణాకు ఒక రోజు ముందు మేత నిలిపివేయాలి.

మేత ఒత్తిడిని తట్టుకునే శక్తిని ఇస్తుంది కానీ నీటిని పెంచదు. నీరు సగానికి తగ్గేలోగా పెద్ద చేపలను విడతలుగా పట్టి అమ్మడమే రద్దీకి అసలైన పరిష్కారం. మిగిలిన చేపలు ఆరోగ్యంగా ఎదగడానికి మంచి మేత తోడ్పడుతుంది.