రాత్రి తుఫానుకు పగటి సన్నాహం

తుఫాను హెచ్చరిక వెలువడిన రోజున సూర్యాస్తమయమే రైతు కుటుంబానికి గడువు. చీకటి పడిన తరువాత విద్యుత్తు ఉండదు, దారి కనిపించదు, గాలిలో ఎగిరివచ్చే రేకును తప్పించుకొనే వీలుండదు. కనుక చేయవలసిన పనులన్నీ పగటిపూటే ముగించాలి.

1996 నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుఫాను కోనసీమలో వందలాది ప్రాణాలను బలిగొన్నది. కొబ్బరి తోటలను నేలకూల్చింది. 1999 అక్టోబరులో ఒడిశాను తాకిన పెను తుఫానులో దాదాపు పదివేల మంది మరణించారు. 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి అదే రాష్ట్రంలో గోపాల్‌పూర్ వద్ద ‘ఫైలిన్’ తీరం దాటింది. అయితే అప్పటికే ఒడిశా, ఆంధ్రప్రదేశ్‌లలో సుమారు పది లక్షల మందిని తరలించినందున మృతుల సంఖ్య పదులలోనే ఆగింది. వేళకు ఇల్లు విడవడమే ఈ తేడాకు ముఖ్య కారణం.

ఇంటిలో: వాతావరణ శాఖ సాధారణంగా 48 గంటల ముందు అప్రమత్తతను, 24 గంటల ముందు హెచ్చరికను జారీ చేస్తుంది. పూరిళ్ళలో, మట్టిగోడల ఇళ్ళలో, రేకుల ఇళ్ళలో ఉండేవారు వృద్ధులను, గర్భిణులను, పిల్లలను వెంటబెట్టుకొని పగలే తుఫాను షెల్టరుకు చేరాలి. తాగునీరు, అటుకులు, మందులు, టార్చిలైటు, ఛార్జి చేసిన ఫోను దగ్గర ఉంచుకోవాలి. పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పాసుపుస్తకం, ఆధార్ కార్డు, బీమా పత్రాలను పాలిథిన్ సంచిలో చుట్టి వెంట తీసుకువెళ్ళాలి.

చేనులో, కొట్టంలో: కోతకు వచ్చిన వరిని హడావుడిగా కోయరాదు. కోసిన పనలను మెరకకు చేర్చి, కుప్పవేసి బరకం కప్పి తాళ్ళతో బిగించాలి. పశువులను మెరక ప్రదేశానికి తోలాలి. ఆ వీలు లేకపోతే కట్లు విప్పాలి. బీమా చేసిన పశువుకు చెవి ట్యాగు ఉన్నదో లేదో ముందే చూసుకోవాలి. ట్యాగు లేనిచో పరిహారం పొందడం కష్టం.

దుకాణంలో: ఎరువుల, విత్తనాల బస్తాలను ఎత్తయిన దిమ్మెలపైకి చేర్చాలి. స్టాకు రిజిస్టరును ఆ రోజు వరకు పూర్తిచేసి భద్రపరచాలి. స్టాకు బీమా పాలసీలో తుఫాను, వరద నష్టాలు చేరి ఉన్నవో లేవో తుఫాను కాలానికి ముందే విచారించుకోవడం మంచిది.

రాత్రివేళ: ఇంటిలో ఒకరు మేలుకొని రేడియో వార్తలు వినాలి. గాలి హఠాత్తుగా ఆగితే తుఫాను వెళ్ళిపోయినట్లు భావించరాదు. అది తుఫాను కన్ను కావచ్చు. కొంతసేపటికి ఎదురు దిశ నుండి అంతే తీవ్రతతో గాలి వీస్తుంది. అధికారులు చెప్పే వరకు బయటకు రాకూడదు.

తెల్లవారిన తరువాత: తెగిపడిన విద్యుత్తు తీగలను తాకవద్దు. శుభ్రం చేయడానికి ముందే నష్టాన్ని ఫోటో తీయండి. ఫసల్ బీమా యోజన వర్తించే చోట, కోసి పొలంలో ఆరబెట్టిన పంటకు కోత అయిన 14 రోజుల లోపు తుఫాను వల్ల నష్టం జరిగితే 72 గంటలలోగా తెలియజేయాలి. రుణ వాయిదా చెల్లించలేని పరిస్థితి ఏర్పడితే, గడువు దాటేవరకు ఆగక మీ బ్యాంకు శాఖను సంప్రదించండి. తగిన సందర్భాలలో గడువు పొడిగింపును పరిశీలించే వీలున్నది.

పంటకు బీమా ఉన్నది, రుణానికి వాయిదా ఉన్నది. ప్రాణానికి ఆ రెండూ లేవు. పొద్దు ఉండగానే కదలండి.