బిడ్డ భాష ఒక్కరికే తెలిస్తే

ఆమె పుట్టుకతో చూపు లేని దళిత యువతి. అన్నదమ్ములతో పాటు కూలికి పోయే స్నేహితుడొకడు ఆ ఇంటికి తరచూ వచ్చిపోతుండేవాడు. 2011 మార్చిలో ఆమెపై అత్యాచారం చేసింది అతనే. చూడలేకపోయినా గొంతును బట్టి మనిషిని పోల్చుకుంది. పటాన్ జమాల్ వలీ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం పేరుతో ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2021 ఏప్రిల్ 27న జస్టిస్ డి.వై. చంద్రచూడ్, జస్టిస్ ఎం.ఆర్. షా ధర్మాసనం అత్యాచార నేరానికి పడిన యావజ్జీవ శిక్షను ఖాయం చేసింది. వైకల్యం ఉందన్న ఒక్క కారణంతో సాక్షి మాట విలువను తగ్గించరాదని చెప్పింది.

ఆమెకు చూపు లేదు గాని మాట ఉంది. ఫలానావాడని చెప్పగలిగింది. మాట కూడా రాని పిల్లల మాటేమిటి?

ఆటిజం ఉన్న పిల్లల్లో సుమారు నాలుగో వంతు మందికి, కొన్ని లెక్కల ప్రకారం ఇంకా ఎక్కువ మందికి, బడి వయసు దాటినా అవసరానికి పనికొచ్చే మాటలు రావు. ఇందుకు కారణం చెవుడు కాదు. చాలామంది తాము చెప్పగలిగినదానికన్నా ఎక్కువే అర్థం చేసుకుంటారు. మన ఊళ్లలో మాత్రం అందరినీ కలిపి ‘మూగపిల్లోడు’ అనో, ‘మతి లేని పిల్ల’ అనో అనేస్తారు. లియో కానర్ అనే వైద్యుడు 1943లోనే ఈ స్థితిని వర్ణించినా, మన వికలాంగుల చట్టం జాబితాలో ఆటిజం చేరింది 2016లో. అంతకుముందున్న 1995 చట్టంలో దాని ఊసే లేదు.

వైకల్యం ఉన్న పిల్లలు హింసకు గురయ్యే అవకాశం మిగతా పిల్లలతో పోలిస్తే 3.7 రెట్లు ఎక్కువని, అంతకుముందు జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూసిన పరిశోధకులు 2012లో లాన్సెట్ పత్రికలో రాశారు. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ దేశవ్యాప్తంగా జరిపించిన అధ్యయనంలో, లైంగిక వేధింపులకు పాల్పడినవాళ్లలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లే, నమ్మకస్థానంలో ఉన్నవాళ్లే అని తేలింది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, మాటలు రాని బిడ్డకు ముప్పు వీధి చివరి కొత్త మనిషి కన్నా ఎత్తుకుని తిప్పే చేతుల వైపు నుంచే ఎక్కువని నాకనిపిస్తుంది. పదేళ్లు దాటినా కొందరికి ఇంకొకరు స్నానం చేయించాలి, మరుగుదొడ్డికి తీసుకెళ్లాలి, బట్టలు మార్చాలి. ఆ పనులు తలుపు మూసే జరుగుతాయి. పైగా ఆ తలుపు వెనక ఉన్న మనిషే బయటికొచ్చి బిడ్డ ఎందుకు ఏడ్చిందో అందరికీ చెబుతుంది, లేదా చెబుతాడు.

నా దృష్టిలో అసలు ప్రమాదం అక్కడే ఉంది. చూసుకునే మనిషే బిడ్డకు ఏకైక దుబాసీ కావడం. ఆ మనిషి మంచివాడైతే ఇబ్బంది లేదు. కాకపోతే, సాక్ష్యమూ దాన్ని అనువదించే నోరూ ఒకే చోట ఉండిపోతాయి. అందుకే ‘మంచివాళ్లను ఏరి పెట్టుకోండి’ అనే సలహా నాకు చాలదనిపిస్తుంది. మనిషి మంచివాడో కాదో ముందుగా కనిపెట్టే పరికరం ఎవరి దగ్గరా లేదు. బిడ్డను చదవగలిగినవాళ్ల సంఖ్య పెంచడం మాత్రం మన చేతిలో పని.

అనంతపురం సీమలో ఆ సంఖ్యను కరువే తగ్గించేస్తుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే పీఠభూమి ఇది. వర్షం ముఖం చాటేసిన ఏడు వేరుశనగ చేను ఎండుతుంది, బోరు అడుగంటుతుంది, వయసులో ఉన్న మొగుడూపెళ్లాలు బెంగళూరుకో కేరళకో పనికి పోతారు. కదిరి వైపు పల్లెలకు ఇది ఏటా ఉండేదే. 2022లో జిల్లాను రెండు చేసి శ్రీసత్యసాయి జిల్లాను ఏర్పాటు చేసినా బస్సెక్కే జనం అలాగే ఉన్నారు. పిల్లలు అవ్వ దగ్గరో జేజి దగ్గరో ఉండిపోతారు. మాట్లాడే బిడ్డ అయితే సాయంత్రం ఫోన్‌లో అమ్మతో మాట్లాడుతుంది. మాటలు రాని బిడ్డకు ఆ దారీ లేదు. తల ఎటు తిప్పితే ఆకలో, ఏ కూత కూస్తే కడుపునొప్పో తల్లి ఒక్కదానికే తెలుసు, ఆమె బెంగళూరులో ఇటుకలు మోస్తోంది. అవ్వ తేరుకుని నేర్చుకోవడానికి నెలలు పడతాయి. అవ్వకు కళ్లు సరిగా ఆనకపోతే, పొద్దున బిడ్డకు నీళ్లు పోసే పని పక్కింటి వాళ్లకో దగ్గరి బంధువుకో చేరుతుంది. వాళ్లలో నూటికి తొంభై మంది మంచివాళ్లే కావచ్చు. మిగతావాళ్లకు అడ్డు ఏముందన్నదే ప్రశ్న.

ఇలాంటి బిడ్డ కష్టం చెప్పేది ఒంటితోనే. నిన్నటిదాకా ఎగిరి ఎక్కిన ఆటోను ఇవాళ చూస్తేనే వెనక్కి లాగడం, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, నిద్రలో ఉలిక్కిపడడం, తలను గోడకు కొట్టుకోవడం ఉన్నట్టుండి పెరగడం, ఒకే మనిషి దగ్గర బిగుసుకుపోవడం, స్నానానికి బట్టలు విప్పబోతే రక్కడం. వీటిలో ప్రతిదానికీ మన దగ్గర రెండు సమాధానాలు సిద్ధంగా ఉంటాయి. చదువుకున్నవాళ్లు ‘ఆటిజం కదా, అంతే’ అంటారు. చదువుకోనివాళ్లు ‘గాలి సోకింది’ అని తాయెత్తు కట్టిస్తారు. రెండోవాళ్లను చూసి మొదటివాళ్లు నవ్వుతారు గాని, ఇద్దరూ చేసిన పని ఒకటే. బిడ్డ చెప్పబోయిన దాన్ని వినకముందే దానికో పేరు పెట్టి పక్కన పడేశారు.

అలాగని ఇవి కనపడగానే ఎవరో ఒకరి మీద వేలెత్తడమూ తప్పే. పంటినొప్పి, చెవిపోటు, మలబద్ధకం, కొత్తగా మార్చిన మందు, ఇంటి ముందు పడిన మైకు సెట్టు కూడా ఇలాంటి మార్పు తేగలవు. ముందు డాక్టరుకు చూపించాలి. దానితో పాటే ఒక నోటుపుస్తకంలో రోజుకు రెండు ముక్కలు రాసుకోవాలి: ఏం చేసింది, ఎప్పుడు, ఎక్కడ, పక్కన ఎవరున్నారు. మూడు వారాల రాతను ఒక్కసారి తిరగేస్తే, మంగళవారాలే ఎందుకు, థెరపీకి వెళ్లొచ్చిన సాయంత్రాలే ఎందుకు అనే ప్రశ్నలు వాటంతటవే లేస్తాయి. రాయడం రాని అవ్వయితే మనవరాలి వయసు పిల్ల చేతో, ఆశా కార్యకర్త చేతో రాయించుకోవచ్చు.

సంస్థల్లో చేర్పిస్తే ఈ బాధ తప్పుతుందనుకోవడానికీ లేదు. 2014 జూలైలో కాకినాడలోని ఒక అంధుల రెసిడెన్షియల్ పాఠశాలలో కరస్పాండెంటు, ప్రిన్సిపాల్ కలిసి ముగ్గురు పిల్లలను బెత్తంతో చావగొట్టారు. ఆ వీడియో టీవీల్లో వచ్చాకే పోలీసులు అరెస్టు చేశారు. మాట్లాడగల పిల్లలున్న చోటే బయటి కన్ను పడితే గాని విషయం పొక్కలేదు. కాబట్టి పిల్లను ఏ కేంద్రంలోనైనా చేర్చేముందు ఫీజుతో పాటు ఇంకో మాట అడగాలి: చెప్పకుండా ఎప్పుడొచ్చినా లోపలికి రానిస్తారా? స్నానం, మరుగుదొడ్డి పనులు ఎవరు చేస్తారు, అది ఎక్కడైనా రాస్తారా? ఈ ప్రశ్నలకు చిరాకుపడే చోట పిల్లను వదలకపోవడమే మేలు. 2015 బాల న్యాయ చట్టంలోని సెక్షన్ 75 ప్రకారం, పిల్లల సంరక్షణ సంస్థలో పనిచేసేవాళ్లు క్రూరంగా ప్రవర్తిస్తే అయిదేళ్ల దాకా కఠిన జైలు శిక్ష పడుతుంది.

ఇక బిడ్డకు మనం నేర్పేదేమిటి? థెరపీ పేరుతో మనం ఎక్కువగా నేర్పేది చెప్పినట్టు వినడమే. కూర్చో అంటే కూర్చోవాలి, చెయ్యివ్వు అంటే ఇవ్వాలి, ముద్దు పెట్టు అంటే పెట్టాలి. వింటే బిస్కెట్టు. పెద్దల మాట ఎదురాడకుండా వినడానికి అలవాటు పడిన బిడ్డను లొంగదీసుకోవడం ఎంత సులువో వేరే చెప్పనక్కర్లేదు. అందుకే బొమ్మల కార్డులతో మాట్లాడించేటప్పుడు ‘వద్దు’ అనే కార్డు మొదటి రోజుల్లోనే ఇవ్వాలి, ఇచ్చాక దాన్ని గౌరవించాలి. బిడ్డ వద్దన్న ముద్దను నోట్లో కుక్కితే ఆ కార్డుకు విలువ లేదని మనమే నేర్పినట్టు. ఇంకో లోటుంది. ఇలాంటి కార్డుల అట్టల్లో అన్నం, నీళ్లు, బంతి, బస్సు ఉంటాయి. ఒంటి భాగాల బొమ్మలు చాలాసార్లు ఉండవు, ఉన్నా నడుము దగ్గర ఆగిపోతాయి. నొప్పి, భయం, కొట్టడం, ఆయా, డ్రైవరు, మామ, వీటికి బొమ్మలే లేకపోతే బిడ్డ దేన్ని చూపించాలి? చెన్నైలో తయారైన ఆవాజ్ లాంటి యాప్‌లకూ ఇదే వర్తిస్తుంది. అందులో ఏ మాటలుండాలో పెద్దవాళ్లే నింపుతారు, సిగ్గుపడేదీ పెద్దవాళ్లే.

అనుమానం వచ్చాక మనం చేసే పెద్ద తప్పు, బిడ్డను మనమే విచారించడం. ‘మామ కొట్టాడా?’ అని అడిగితే, కొద్దిపాటి మాటలున్న ఆటిజం పిల్లలు చివరి ముక్కను ‘కొట్టాడా’ అని అలాగే తిరిగి అనొచ్చు. అది అవునూ కాదు, కాదూ కాదు. ఇంతకన్నా చేటు చేసిన ఉదంతం అమెరికాలో ఉంది. 1990ల ఆరంభంలో అక్కడ ఒక పద్ధతి ఊపందుకుంది. మాటలు రాని పిల్లల చేతిని సహాయకులు పట్టుకుంటే, పిల్లలు అక్షరాల మీద వేలు పెట్టి వాక్యాలు రాసేవాళ్లు. ఆ రాతల్లో తల్లిదండ్రుల మీద లైంగిక ఆరోపణలూ వచ్చాయి, పిల్లలను ఇళ్ల నుంచి వేరు చేశారు. బోస్టన్‌కు చెందిన హోవర్డ్ షేన్ ఇలాంటి ఒక కేసులో పరీక్ష పెట్టాడు. బిడ్డకు ఒక బొమ్మ, సహాయకురాలికి ఇంకో బొమ్మ, ఒకరిది ఒకరికి కనపడకుండా చూపించాడు. బిడ్డ చూసింది తాళంచెవి. కాగితం మీద పడిన మాట కప్పు. రాసింది ఎవరో తెలిసిపోయింది. సహాయకురాలు మోసగత్తె కాదు, తన చెయ్యే రాస్తోందని ఆమెకే తెలియదు. బిడ్డ తరఫున ఒక్కరే మాట్లాడితే, ఆ ఒక్కరు ఎంత ప్రేమగలవాళ్లయినా, ఎవరి మాట ఎవరిదో తేల్చడం కష్టమవుతుంది.

లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే మన పోక్సో చట్టం 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చింది. పిల్లల వైకల్యాన్ని ఆసరాగా తీసుకుని చేసిన దాడినీ, నమ్మకస్థానంలో ఉన్నవాళ్లు చేసిన దాడినీ అది మరింత తీవ్రమైన నేరంగా లెక్కగడుతుంది. విషయం తెలిసినవాళ్లు ఎవరైనా సరే చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా, సంస్థ అధిపతి దాచిపెడితే ఏడాది దాకా జైలు. పోలీసులు యూనిఫాం లేకుండా బిడ్డ ఉండే చోటికే వచ్చి వాంగ్మూలం తీసుకోవాలి. సెక్షన్ 26 ప్రకారం, వైకల్యం ఉన్న బిడ్డయితే ప్రత్యేక ఉపాధ్యాయుల సాయంగాని, ఆ బిడ్డ చెప్పే తీరు తెలిసిన మనిషి సాయంగాని తీసుకోవచ్చు. ఆ ‘తెలిసిన మనిషి’ ఎవరో పోక్సో నిబంధనలు వివరించాయి: తల్లి, తండ్రి, కుటుంబసభ్యులు, ఒకే ఇంట్లో ఉండేవాళ్లు, బిడ్డ నమ్మినవాళ్లు. ఈ వరుసను ఇంకోసారి చదవండి. నిందితుడు సాధారణంగా దొరికేదీ ఈ వరుసలోనే. చట్టం రాసినవాళ్లకు ఇది తెలియక కాదు. దుబాసీగా వచ్చేవాళ్లు నిష్పక్షపాతంగా ఉండాలనీ, తమకేమైనా సంబంధం ఉంటే ముందే చెప్పాలనీ అవే నిబంధనలు అంటాయి. జిల్లా బాలల సంరక్షణ విభాగం దగ్గర దుబాసీల, ప్రత్యేక ఉపాధ్యాయుల జాబితా ఉండాలనీ చెబుతాయి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలోని సెక్షన్ 125 కూడా, మాట్లాడలేని సాక్షి సైగతోనో రాతతోనో చెప్పవచ్చనీ, దుబాసీ సాయంతో చెబితే వీడియో తీయాలనీ అంటుంది. చట్టం తలుపు తీసే ఉంచింది. లోపలికి వెళ్లేటప్పుడు బిడ్డ పక్కన నిందితుడికి సంబంధం లేని, బిడ్డ భాష తెలిసిన రెండో మనిషి ఉన్నారా అన్నదే సమస్య.

ఆ రెండో మనిషిని తయారుచేసుకునే వసతి అనంతపురంలో బొత్తిగా లేదనలేం. 1969లో విన్సెంట్ ఫెర్రర్ ఇక్కడ మొదలుపెట్టిన ఆర్‌డీటీ అనే స్వచ్ఛంద సంస్థ పల్లెపల్లెనా వికలాంగుల సంఘాలు కూర్చింది. సంఘం కూర్చున్న రోజు బిడ్డను కూడా తీసుకెళ్తే పదిమంది చూస్తారు, పోయినసారికీ ఇప్పటికీ తేడా పట్టేవాళ్లు ఒకరిద్దరైనా ఉంటారు. సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రాల్లో ప్రత్యేక ఉపాధ్యాయులున్నారు. గ్రామ సచివాలయంలో మహిళా పోలీసు ఉంది. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేస్తే ఏ వేళలోనైనా పలుకుతారు. దాడి జరిగిందనుకుంటే బిడ్డను కడగకుండా, బట్టలు ఉతకకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ప్రైవేటు ఆసుపత్రయినా డబ్బు అడగకుండా మొదటి వైద్యం చేసి, పోలీసులకు చెప్పాల్సిందే.

స్కాట్లాండ్‌లో 1990ల నుంచి ఇలాంటి పిల్లల కోసం చిన్న పుస్తకాలు తయారుచేస్తున్నారు. ఈ బిడ్డ అవును ఇలా అంటుంది, కాదు ఇలా అంటుంది, నొప్పి వస్తే ఇది చేస్తుంది, ఇలా ముట్టుకుంటే ఇష్టపడదు, అని బిడ్డే చెబుతున్నట్టు రాస్తారు. పనికి పోయే తల్లి బస్సెక్కేముందు ఒక ఠావు కాగితం మీద ఈ పని చెయ్యగలదు. ఫోన్‌లో నాలుగు చిన్న వీడియోలు కూడా తీయాలి: ఆకలేసినప్పుడు, నవ్వినప్పుడు, వద్దన్నప్పుడు, నొప్పన్నప్పుడు. ఏ గొడవా లేని రోజున తీసినవి, తేదీ ఉన్నవి అయితే, రేపు ఏదైనా జరిగితే బిడ్డ మామూలుగా ఎలా ఉండేదో మెజిస్ట్రేటుకు చూపించడానికి పనికొస్తాయి. కాగితాన్ని నాలుగు నకళ్లు తీయించి ఒకటి అవ్వకు, ఒకటి భవిత కేంద్రంలో టీచరమ్మకు, ఒకటి ఆశా కార్యకర్తకు ఇవ్వాలి. నాలుగోది ఆ ఇంటితో చుట్టరికం లేని, వారానికోసారి గడప తొక్కే మనిషి ఎవరో ఒకరికి ఇవ్వాలి.