శ్రవణ నివేదికకు ఐదు అంకెలు

“మీ ప్రసారము మాకు చక్కగా వినవచ్చుచున్నది” అను వాక్యము శ్రోతల ఉత్తరములలో తరచు కానవచ్చును. వ్రాసినవారి ఆదరమును శంకింప బనిలేదు. కాని రేడియో కేంద్రమున ఆ ఉత్తరమును చదువు ఇంజనీరునకు దానివలన తెలియునది స్వల్పము. ఏ ఊర, ఏ వేళ, ఏ తరంగముపై వినవచ్చినది? ఒకరికి చక్కనిదైనది వేరొకరికి సహింపదగినది మాత్రమే కావచ్చును గదా! ఈ చిక్కును తొలగించుటకే శ్రోతలందఱు ఒకే నమూనాలో నివేదిక వ్రాయు పద్ధతి ఏర్పడినది. ఆ పద్ధతినిగూర్చి యిచట వివరింప దలచితిమి.

ట్రాన్స్‌మిటరు చెంతనున్న మీటర్లు ఎంత శక్తి వెలువడుచున్నదో చెప్పును. నూరు కిలోమీటర్ల ఆవల నొక యింట ఆ ధ్వని యెట్లున్నదో అవి చెప్పజాలవు. పగటివేళ మీడియం వేవు తరంగములు నేలను అంటిపెట్టుకొని పయనించును. మీదికెగసిన తరంగములను ఆకాశమునందలి ‘డి’ అను పొర పీల్చివేయును. ప్రొద్దు గ్రుంకినపిమ్మట ఆ పొర క్షీణించును. అప్పుడు తరంగములు ఇంకను ఎత్తుననున్న పొరలనుండి క్రిందికి మరలి వందల కిలోమీటర్ల దూరము చేరును. రాత్రులందు దూరపు కేంద్రములు మన సెట్టులో పలుకుటకు కారణ మిదియే. అదే తరంగముపై పనిచేయు వేరొక కేంద్రము మన కేంద్రమునకు అడ్డువచ్చుటకును కారణ మిదియే. ఈ మార్పులన్నియు తెలియవలెనన్న, వినుచున్న వారే చెప్పవలెను.

వార్తాహరులు ఒకరి సంకేతము నొకరు అంకెలతో అంచనా కట్టుట పాత అలవాటే. అమెరికాలో ఆర్థర్ బ్రాటెన్ అను నాతడు 1934లో అమెచ్యూరు రేడియోవారికై ‘ఆర్.ఎస్.టి.’ పద్ధతిని రూపొందించెను. అది ముఖ్యముగా మోర్సు సంకేతములకు తగినది. ప్రసారములు వినువారికి ఉపకరించు పద్ధతి ఇరువదవ శతాబ్ది నడుమ వాడుకలోనికి వచ్చినది. 1865లో స్థాపితమైన అంతర్జాతీయ టెలికమ్యూనికేషను సంఘమునకు రేడియో విషయములలో సలహా నిచ్చిన సి.సి.ఐ.ఆర్. అను సంస్థ దానిని సిఫారసు చేసెను. ఐదు ఆంగ్ల పదముల మొదటి అక్షరములను కూర్చి దానిని ‘సిన్‌పో’ అని పిలుతురు.

మొదటి అంకె, ‘ఎస్’, సంకేతబలమును తెలుపును. రెండవది, ‘ఐ’, ఇతర కేంద్రముల అడ్డును తెలుపును. మూడవది, ‘ఎన్’, రొదను తెలుపును. నాల్గవది, ‘పి’, ప్రసరణ భంగమును, అనగా ధ్వని అలవలె లేచుచు పడుచు నుండుటను తెలుపును. కడపటిది, ‘ఓ’, మొత్తపు యోగ్యతను తెలుపును. ఒక్కొక్కదానికి 1 మొదలు 5 వఱకు అంకె వేయవలెను. అన్నింటను 5 మేలైనది. కావున ‘ఐ’ గడిలో 5 అన్నచో అడ్డు మిక్కిలిగా నున్నదని కాదు, ఏమియు లేదని అర్థము. క్రొత్తవారు ఇచట జాగరూకులై యుండవలెను.

ఒకే అంకె చాలదా, ఐదేల యని సందేహము కలుగవచ్చును. ఒక గ్రామమున నొక శ్రోత ఒకే కేంద్రమును మధ్యాహ్నము విని 35453 అనియు, రాత్రి విని 43433 అనియు వ్రాసెననుకొందము. రెండింటను మొత్తపు యోగ్యత 3 మాత్రమే. ఆ అంకె నొక్కదానినే పంపినచో పగలు రాత్రి యొక్కతీరుననే యున్నదని తోచును. మిగిలిన నాలుగు అంకెలు అసలు సంగతిని బయలుపఱచును. మధ్యాహ్నము అడ్డులేదు, కాని సంకేతము చాలదు. రాత్రి సంకేతము బలముగనే యున్నది, కాని వేరొక కేంద్రము అడ్డువచ్చుచున్నది, ధ్వనియు నిలకడగా లేదు. వ్యాధులు రెండు, మందులును రెండు. మొదటిదానికి శక్తి పెంచుట మందు కావచ్చును. రెండవదానికి తరంగమును మార్చుట కావచ్చును.

అడ్డును రొదను వేఱుచేసి గుర్తించుటయు ముఖ్యమే. వేరొక కేంద్రపు మాటయో పాటయో వినవచ్చినచో అది అడ్డు. మెఱుపుల చిటపటయు, మిక్సీ, ఫ్యాను రెగ్యులేటరు, ఎల్.ఇ.డి. దీపము, ఫోను చార్జరు మున్నగువానివలన కలుగు బరబరయు రొద. ఇంటిలోని రొదకు కేంద్రమువారు చేయగలది లేదు. విద్యుత్ పరికరముల నొక్కొక్కటిగా ఆపి చూచినచో దోషి దొరకును. మీడియం వేవు వినునప్పుడు సెట్టును కొంచెము ఇటునటు త్రిప్పినను తఱచు గుణము కనబడును.

అంకెలతోపాటు మరికొన్ని వివరములు ఉండవలెను. తేది, వేళ, కిలోహెర్ట్జులలో తరంగము, విన్న ఊరు, సెట్టు, ఏరియలు. విదేశ కేంద్రములకు వ్రాయునప్పుడు విశ్వసమయమును వాడవలెను. మన సమయమునుండి ఐదున్నర గంటలు తీసివేసినచో అది వచ్చును. మన రాత్రి 9 గంటలు వారికి 15.30. పదునైదు ఇరువది నిమిషములైన విని, ఏమేమి వినిపించినదో నిమిషములవారీగా వ్రాసినచో, విన్నమాట నిజమని కేంద్రమువారు తమ పట్టికతో సరిచూచుకొందురు. సరిపోయినపుడు అనేక కేంద్రములు ‘క్యు.ఎస్.ఎల్.’ అను ధ్రువపత్రపు కార్డును పంపును. ఆ మూడక్షరములకు ‘అందినది’ అని భావము.

ఈ కార్డుపై మోజుతో కొందఱు ఎల్లప్పుడు 55555 అని వ్రాయుదురు. అది మర్యాద యనుకొందురు గాని, ఇరుగుపొరుగు శ్రోతలకు అపకారము. దూరపు పల్లెలో నిజముగా వినరాక బాధపడువాని ఫిర్యాదు ఈ ఐదుల రాశిక్రింద మఱుగుపడును. నాలుగు గడులలో ఏదైన 2 ఉండగా, మొత్తపు యోగ్యతకు 5 వేయుటయు పొసగదు.

ఈ నమూనాకు హద్దులు లేకపోలేదు. ఇది తరంగమును తూచును గాని, కార్యక్రమమును తూచదు. నాటకము రుచింపలేదని ‘ఓ’ గడిలో 2 వేయరాదు. ఆ మాటకు ఉత్తరమున వేఱుగా చోటు కలదు. ప్రసరణ భంగమును గుర్తించుట క్రొత్తవారికి కష్టమే. వారికై సంకేతబలము, అడ్డు, మొత్తపు యోగ్యత మాత్రమే తెలుపు మూడంకెల సంగ్రహరూపము కలదు. దానితో ప్రారంభించి, చెవికి అలవాటైనకొలది ఐదంకెలకు రావచ్చును.

నేటి రాత్రియే మీ సెట్టులో నొక కేంద్రమును పట్టి పదునైదు నిమిషములు విని, అంకెలు వేసి చూడుడు. తక్కువ అంకె పడినచో వ్రాయుటకు సంకోచింపకుడు. కేంద్రమువారికి మీ ఉత్తరమున మిక్కిలి పనికివచ్చునది ఆ గడియే.